‘ట్టే’కి గడి లేదు

ఆయన పోయారన్న కబురు నాకు ఆఫీసు ఫోన్లో తెలిసింది. చేసినవాడు సెంట్రింగ్ మేస్త్రి యాదగిరి.

“గళ్ళ సారు పోయిండు సార్. తెల్లారగట్ల, నిద్రలనే. రేపు పదింటికి నందిగామ చర్చిల ప్రార్థన. అయినంక సమాధుల తోటకు తీస్కపోతరు. నేను కోదాడల మొదటి బస్సు ఎక్కుతున్న. మీరు చిల్లకల్లు కాడ ఎక్కుతరా?”

ఎక్కుతానన్నాను. పెట్టేశాడు.

 ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడికి రావాలి, ఎన్నింటికి, ఒక్కటీ తప్పిపోలేదు. నేను మొదట చూసిన యాదగిరి ఇలా మాట్లాడే మనిషి కాదు. అతనికి ఇలా మాట్లాడటం నేర్పిన మనిషి గురించి రాస్తున్నాను.

పేరు రాయడం లేదు. సైటులో ఆ పేరు జీతాల రోజున తప్ప వినపడేది కాదు. అందరికీ ఆయన గళ్ళ సారు. అలాగని ఆయన గళ్ళ చొక్కా వేసుకోగా ఎవరూ చూడలేదు. ఎప్పుడూ తెల్ల చొక్కా, పొట్టి చేతులు, చెదరని ఇస్త్రీ. “ఇంత దుమ్ములో తెల్లదెందుకండీ?” అని ఎవరైనా అడిగితే, “రోజంతా గళ్ళే చూస్తా కదయ్యా, ఒంటి మీద కూడా ఎందుకూ?” అనేవారు. అసలు కారణం వేరని నా అనుమానం. ఆయనకి పదిమందిలో కనపడటమంటే ఇష్టం. పొట్టి మనిషి, కొంచెం బొజ్జ, ఎడమవైపు పాపిడి. గోడ ముందు నిలబడితే సైటు ఆ చివర ఉన్నవాడికి కూడా తెల్లగా ఆనవాలు తెలియాలి.

ఎనభైల మొదట్లో జగ్గయ్యపేట అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీ కడుతున్నారు. నేను సివిల్ డిప్లొమా చేతపట్టుకుని, ఆ కట్టడం కంట్రాక్టు తీసుకున్న కంపెనీలో ప్లానింగ్ విభాగంలో చేరాను. విభాగమంటే రేకుల షెడ్డులో ఒక గది, ఆయన, నేను, ఒక గోడ. ముఖ్యమైనది గోడే.

డ్రాయింగ్ షీట్లు ఒకదానికొకటి అంటించి, ప్లైవుడ్డు మీద పరిచి, ఈ మూల నుంచి ఆ మూల దాకా మేకులతో బిగించిన చార్టు అది. పైన వరసగా వారాలు. ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి పనులు: తవ్వకం, కడ్డీ కట్టడం, కాంక్రీటుకి చెక్కల అచ్చు బిగించే సెంట్రింగ్, కాంక్రీటు పొయ్యడం, తడపడం, సెంట్రింగ్ విప్పడం. ఇప్పుడు మనం కంప్యూటర్లో స్ప్రెడ్‌షీట్ అంటున్నది అదే, కరెంటు లేకుండా. ఒక్కో గడిని అడ్డంగా రెండు సగాలు చేసేవారు. ఆ పని ఏ వారం కావాలో పై సగంలో నీలం పెన్సిలు. ఏ వారం అయిందో కింది సగంలో ఎర్ర పెన్సిలు. నీలం కింద ఎరుపు ఉంటే పని సవ్యంగా ఉన్నట్టు. ఎరుపు కుడిపక్కకి జరిగితే ఆలస్యం. లోపలికి రాకుండా తలుపు దగ్గరే ఆగి తొంగిచూసినవాడికి కూడా సైటు ఎట్లా ఉందో తెలిసిపోవాలన్నది ఆయన పట్టుదల.

రాత అంతా తెలుగులో. ప్రాజెక్టు మేనేజరు గారికి అది నచ్చేది కాదు. “పెద్దవాళ్ళు వచ్చి పోతుంటారు, చూస్తే ఏమనుకుంటారండీ?” అన్నారు ఒకసారి.

“ఇది వచ్చిపోయేవాళ్ళకి కాదండీ, పోసేవాళ్ళకి” అన్నారీయన. కాంక్రీటు పోసేవాళ్ళకి.

ఎర్ర పెన్సిలు ముట్టుకునే ముందు ఆయన తప్పకుండా వెళ్ళి చూసొచ్చేవారు. చూడటమంటే చూసి ఊరుకోవడం కాదు. పునాది అయితే దాని మీద, గోడ అయితే గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచేవారు, జ్వరం తగ్గిందో లేదో చూస్తున్నట్టు. తర్వాత గదికొచ్చి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, గడి నింపేవారు. అంచు దాటనివ్వరు. నింపాక దాని మీద ఉఫ్ అని ఊదేవారు. ఆరడానికి అదేమన్నా సిరానా, పెన్సిలే కదా! ఒకరోజు ఆ మాట అడిగేశాను. “ఇన్నాళ్ళ పని అబ్బాయ్. ఊదకుండా ఎట్లా వదిలేస్తా?” అన్నారు.

“ఎట్లా ఉన్నారండీ?” అని పలకరిస్తే “ముప్పావు” అనేవారు. మోకాళ్ళ నొప్పులున్న రోజు “అర.” పూర్తిగా బాగున్నానని ఆయన చెప్పగా నేను రెండుసార్లో మూడుసార్లో విన్నాను. అందులో ఒకటి వాళ్ళమ్మాయికి టీచరు ఉద్యోగం వచ్చిన రోజు.

సోమవారం పొద్దున్నే గోడ ముందు సమావేశం. మేస్త్రులూ ఫోర్‌మెన్లూ వచ్చి నిలబడేవారు. నేను చేరిన కొత్తలో చూసిన సమావేశం ఇలా ఉండేది.

“ఏం యాదగిరీ, బొగ్గు బంకరు సెంట్రింగ్ అయిందా?”

“అయిపోయినట్టే సార్.”

“అయిపోయిందా, అయిపోయినట్టా?”

“గదే సార్, అయిపోయినట్టే. గింతే ఉన్నది.”

ఆయన పెన్సిలెత్తి గోడంతా వెతికేవారు. ఈ వరసలో చూసి, ఆ వరసలో చూసి, కిందికి వంగి చూసి, ఇటు తిరిగేవారు. “అయినదానికి గడి ఉంది. కానిదానికి గడి ఉంది. ఈ ‘ట్టే’ని ఎక్కడ పెట్టమంటావు? నువ్వే వచ్చి చూపించు నాయనా. ‘ట్టే’కి నా దగ్గర గడి లేదు.”

వెనకనుంచి వెల్డింగ్ ఫోర్‌మన్ సుబ్బారావు అందుకునేవాడు. “వరండాలో చోటుంది సార్, అక్కడ పెట్టండి!”

“వరండా అంతా నీ ‘ట్టే’లే సుబ్బారావ్. కాలు పెట్టే సందు లేదు.”

అందరూ నవ్వేవారు. యాదగిరి కూడా నవ్వేవాడు. మళ్ళీ సోమవారం మళ్ళీ “అయిపోయినట్టే” అనేవాడు.

చదువుకున్న ఇంజినీర్లు ‘ట్టే’ అనేవారు కాదు. వాళ్ళది శాతాల భాష. “తొంభై శాతం అయిందండీ.” ఆ మాటా ఆయన గోడ ఎక్కలేదు. “తొంభై శాతం దగ్గర పనులు ముసలివైపోతాయండీ. పోయిన నెల తొంభై, ఈ నెల తొంభై. మిగతా పదీ ఎప్పుడు పుడతాయో చెప్పండి, ఆ రోజు వచ్చి రంగేస్తా.” పెద్దవాళ్ళతో కూడా ఇట్లాగే మాట్లాడేవారు. చాలామందికి ఆయనంటే పడేది కాదు.

నేను కొన్నాళ్ళు ఆలోచించాను, ఈ ఒక్క మాట మీద ఇంత పంతమేమిటని. మన మాటల్లో ‘ట్టే’ ఎక్కడ లేదు? సంబంధం కుదిరినట్టే. జ్వరం తగ్గినట్టే. బస్సు వచ్చినట్టే. అడిగినవాడిని నిరాశపెట్టడం ఇష్టం లేక, వాడి మనసు కొంచెం చల్లబరచడానికి అంటాం. ఇదే ఆయనతో అన్నాను. ఒప్పుకున్నారు. “అందుకేనయ్యా భయం. అబద్ధమైతే పట్టుకుని నాలుగు తిట్టొచ్చు. ఇది మర్యాద. మర్యాదగా మాట్లాడేవాణ్ణి ఏమని తిడతాం?”

సైటు బయట కూడా ఆ మాట ఆయన్ని వదిలేది కాదు. రోజూ నందిగామలో బస్సెక్కి చిల్లకల్లులో దిగి, అక్కడ ఇంకో బస్సు మారేవారు. మారేచోట ఒక టీ బడ్డీ. ఒక పొద్దున నేనూ అక్కడే దొరికాను.

“టీ అయిందా?” అన్నారాయన.

“అయిపోయినట్టేనండీ” అన్నాడు బడ్డీ అతను.

“ఆగు. అయిపోవడమంటే కాగిందనా, ఖాళీ అయిందనా?”

“అదేనండీ.”

“ఏదేనండీ?”

బడ్డీ అతను గిన్నెలోకి చూశాడు. బెంచీ మీద కూర్చున్న లారీ డ్రైవర్లు కూడా మెడలు చాచి గిన్నెలోకి చూశారు. “ఒకళ్ళకి వస్తదండీ” అన్నాడు చివరికి.

“ఆ మాట ముందే అంటే ఆ ఒకళ్ళూ ఈపాటికి తాగేవాళ్ళుగా!” అని, ఆ గ్లాసు నాకిప్పించి, ఆయన తాగకుండానే బస్సెక్కారు. కిటికీలోంచి చూస్తే ఎంతో సంతోషంగా కనపడ్డారు. ఒక సందేహం పూర్తిగా తీరిన సంతోషం.

చార్టులో కష్టమంతా గళ్ళు నింపడంలో లేదు, జరపడంలో ఉంది. ఒక పని మీద ఇంకో పని ఆధారపడి ఉంటుంది. పునాది అయితేగానీ స్తంభం లేవదు, స్తంభం లేస్తేగానీ స్లాబు పడదు. అలా ముడిపడిన గళ్ళ మధ్య ఆయన గుండుసూదులు గుచ్చి నల్లదారం కట్టేవారు. ఒక గడి ఒక వారం జరిగితే, దారం పట్టుకుని వెళ్ళి దాని వెనక ఉన్నవన్నీ చెరిపి, జరిపి, మళ్ళీ నీలం వెయ్యాలి. ఆ లెక్క ఆయన ఇంటి దగ్గర ఆదివారాలు చేసేవారు. చర్చి నుంచి రాగానే మంచం మీద కాగితాలు పరుచుకుని కూర్చుంటే మళ్ళీ పొద్దుగూకేదాకా లేవరు. సాయం కోసం నేను నందిగామ వెళ్ళినప్పుడు వాళ్ళావిడ గారు అన్నం వడ్డిస్తూ అన్నారు: “ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే దేవుణ్ణి తలుచుకుంటారు బాబూ. ఈయన పెదాలు చూడు, వారాలు లెక్కపెడుతుంటాయి.”

“దేవుడు మాత్రం? ఆరు రోజులకి ప్లాను వేసుకుని ఆరు రోజుల్లో ముగించలా? నాకు ఆయన మీద గౌరవం అందుకే” అన్నారీయన, పెరుగు కలుపుకుంటూ.

“ఏడో రోజు ఆయన పడుకున్నాడు. మీరు అది కూడా నేర్చుకోండి.”

పోయినేడు ఆయన ఒకసారి మా ఆఫీసుకి వచ్చారు. అప్పటికి పని మానేసి ఇంటి దగ్గరే ఉంటున్నారు. మాకు కంప్యూటరు వచ్చిందని ఎవరో చెప్పారట. కుర్చీలో కూర్చోబెట్టి స్ప్రెడ్‌షీట్ తెరిచి చూపించాను. ఇక్కడ పనులు, ఇక్కడ వారాలు, ఈ గడి ఆ గడిని బట్టి ఉంటుంది అని చెప్పి, పునాది గడిలో అంకె మార్చాను. కింద ఉన్న అంకెలన్నీ వాటంతటవే మారిపోయాయి.

ఆయన తెర దగ్గరికి వంగారు. “మళ్ళీ చెయ్యి” అన్నారు. చేశాను. “ఇంకోసారి.” ఈసారి ఆయనే మీట నొక్కారు. నొక్కి, నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఇది అప్పుడే ఉంటే మా ఆవిడకి ఆదివారాలు మిగిలేవయ్యా” అన్నారు.

తర్వాత, ఎవరైనా ‘అయిపోయినట్టే’ అంటే ఇదేం చేస్తుందని అడిగారు. ఏమీ అనదు, మనం ఏది కొడితే అది తీసుకుంటుంది అన్నాను. ఆయన తెర వైపు జాలిగా చూశారు. “పాపం, ఏది పెట్టినా తింటుందన్నమాట. అయితే దీని పక్కన ఒక మనిషి కూర్చోవాలి. నువ్వే కూర్చో.” అది సలహాలా అనలేదు. పని అప్పజెప్పినట్టు అన్నారు.

ఆయన్ని నేను చూడటం అదే ఆఖరు.

కబురు తెలిసిన మర్నాడు చిల్లకల్లులో బస్సెక్కితే యాదగిరి నాకు సీటు ఆపి ఉంచాడు. నెరిసిపోయాడు. చాలాసేపు కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి “సార్, స్లాబు ముచ్చట యాదికున్నదా?” అన్నాడు. ఎందుకు గుర్తులేదు? ఆయన గురించి ఒక్కటే చెప్పమంటే ఎవరికైనా నేను అదే చెబుతాను.

ఫ్యాక్టరీలో చివరగా తయారవుతున్నది సిమెంటు బస్తాలు నింపే మేడ. పైన యంత్రాలు, కింద లారీ దారి. నిండిన బస్తాలు పైనుంచి జారి లారీలోకి దిగుతాయి. ప్రారంభోత్సవం ఆ మేడ కిందే పెట్టారు. మొదటి లారీకి మంత్రి గారు జెండా ఊపుతారు. చుట్టుపక్కల ఊళ్ళ జనం, బడిపిల్లలు అంతా ఆ నీడలోనే నిలబడతారు. మేనేజరు గారు ఒక గురువారానికి ముహూర్తం పెట్టించి, పైవాళ్ళకి మాట ఇచ్చేశారు.

ఆ మేడ స్లాబులో పెద్ద ముక్క ఒక మంగళవారానికి పోయడం ముగిసింది. చివర, సరిగ్గా లారీ దారి మీద, చిన్న ముక్క మిగిలింది. మిక్సరు చెడిపోయి, దాని సామాను విజయవాడ నుంచి వచ్చేసరికి శనివారమైంది. ఆ ముక్క శనివారం పోశారు. ఈలోగా, మంగళవారం సాయంత్రమే, మేనేజరు గారు జీపు ఆపి “ఏమయ్యా, స్లాబు అయిందా?” అని అడిగితే, యాదగిరి అలవాటు ప్రకారం “అయిపోయినట్టే సార్” అన్నాడు. మేనేజరు గారు మంగళవారం అయిందని పైకి రాసి పంపారు.

కాంక్రీటు గట్టిపడేదాకా స్లాబుకి కింద కర్రలు పోటు పెట్టి ఉంచాలి. ఆ స్లాబుకి మూడు వారాలు ఉంచాలని లెక్క. మంగళవారం నుంచి లెక్కేస్తే గురువారం ముహూర్తానికి ముందే కర్రలు విప్పొచ్చు. శనివారం నుంచి లెక్కేస్తే ముహూర్తం దాటిపోతుంది. ఆ ముక్క కింద కర్రలు వదిలేద్దామంటే లారీ దారి అదే. మొత్తం గొడవ నాలుగు రోజులది.

గోడ మీద ఆయన ఆ స్లాబుని అప్పటికే రెండు వరసలు చేశారు. ‘పెద్ద ముక్క’, ‘లారీ దారి ముక్క’. మేనేజరు గారు గదిలోకి వచ్చి, ఆ రెండో వరస మీద వేలు పెట్టారు.

“రెండెందుకండీ? స్లాబు ఒకటేగా.”

“పోసిన రోజులు రెండు కదండీ.”

“అది చారెడు ముక్క.”

“లారీ వెళ్ళేది ఆ చారెడు కిందేనండీ.”

“ఏం, నాలుగు రోజులకి కూలిపోద్దంటారా?”

“కూలుద్దని నేనెప్పుడన్నా? కూలకపోవచ్చు. మూడు వారాలు అయినయ్యని రాయనంటున్నా, అంతే.”

మేనేజరు గారు చెడ్డ మనిషి కాదు. ముహూర్తం తప్పితే పైవాళ్ళ దగ్గర ఆయన మాట పోతుంది. కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు తగ్గించారు. “చూడండి. మన కొత్త సైటుకి ప్లానింగ్ అంతా మీ చేతిలో పెట్టమని రాసింది నేను. ఆ కాగితం ఇంకా పైనే ఉంది. ఇట్లాంటప్పుడు కొంచెం సర్దుకోవాలండీ. ఆ గీత చెరిపి రెండూ ఒకటి చెయ్యండి.”

ఆ ఉద్యోగం ఆయనకి ఎంత కావాలో నాకు తెలుసు. అది మా సైటుకి మూడింతల పని. అక్కడ రెండు గోడలు అవసరమవుతాయని అప్పటికే నాతో చాలాసార్లు అన్నారు. దాని కోసం నాలుగు కొత్త తెల్ల చొక్కాలు కుట్టించుకున్నారు కూడా.

“రబ్బరు నా దగ్గరే ఉందండీ. గీత చెరుపుతా” అన్నారు. “శనివారాన్ని ఎట్లా చెరపను?”

మేనేజరు గారు లేచారు. “సరే. బుధవారం ఫ్యాక్టరీ వాళ్ళ చీఫ్ ఇంజినీరు వస్తున్నాడు. ఆయన ముందు మేస్త్రినే అడుగుతా. పోసినవాడే అయిందన్నాక మీ గోడతో ఎవరికీ పనుండదు.”

“అడగండి” అన్నారీయన.

ఆయన వెళ్ళగానే నేను అన్నాను, “యాదగిరికి ముందే ఒక మాట చెప్పి ఉంచుదాం సార్. బుధవారం ఏం అడుగుతారో, ఏం చెప్పాలో.”

“వద్దు.”

“అలవాటులో అయిపోయినట్టే అనేస్తాడు సార్!”

“నేను చెప్పిస్తే వాడు చెప్పేది నా మాటవుద్ది అబ్బాయ్. నా మాట ఎట్లాగూ గోడ మీదుంది. వాడి మాట కావాలి.”

“ఒకవేళ అంటే?”

ఆయన నీలం పెన్సిలు చెక్కుతూ కూర్చున్నారు. “అంటే, ఇన్నాళ్ళూ నేను ఈ గదిలో కాగితానికి రంగులు వేసుకుంటూ కూర్చున్నాననుకోవాలి” అన్నారు.

బుధవారం గది నిండిపోయింది. చీఫ్ ఇంజినీరు ఎత్తుగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. గోడంతా చదివి, “ఈ స్లాబు రెండు వరసలుగా ఎందుకుంది?” అని అడిగారు.

“అది మా వాళ్ళ చాదస్తమండీ” అన్నారు మేనేజరు గారు. “చివర చారెడు ముక్క ఉంటే దాన్ని వేరే రాశారు. స్లాబు మంగళవారమే అయింది. ఇదిగో, పోసిన మేస్త్రి ఇక్కడే ఉన్నాడు, అడగండి.”

యాదగిరి ముందుకొచ్చాడు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. అతని ముఠా మొత్తాన్ని తర్వాతి సైటుకి తీసుకెళ్ళాలో వద్దో చెప్పేది మేనేజరు గారే. గళ్ళ సారు అతనివైపు చూడలేదు. కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నారు.

“స్లాబు మంగళవారం అయిందా?” అన్నారు చీఫ్ ఇంజినీరు.

యాదగిరి మేనేజరు గారి ముఖం చూశాడు. తలగుడ్డ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“కాలేదు సార్” అన్నాడు. “పెద్ద ముక్క మంగళారం అయింది. లారీ బాట మీది ముక్క శనారం పోసినం.”

మేనేజరు గారి ముఖం జేవురించింది. “ఏంటయ్యా అది? నేను జీపు ఆపి అడిగితే మంగళవారమే అయిపోయిందన్నావుగా!”

“అయిపోయినట్టే అన్న సార్” అన్నాడు యాదగిరి. “అయిందనలే.”

 ముందు సుబ్బారావు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత వెనకనున్న మేస్త్రులు ఒక్కొక్కరే తలలు వంచుకున్నారు, భుజాలు కదులుతున్నాయి. చీఫ్ ఇంజినీరు నవ్వలేదు. ఆ రెండో వరస దగ్గరికి వెళ్ళి, వేలితో గళ్ళు లెక్కపెట్టుకుని, “శనివారం నుంచే లెక్క. ముహూర్తం మార్పించండి. మంత్రి గారితో నేను మాట్లాడతా” అని బయటికి నడిచారు. మేనేజరు గారు ఆయన వెనకే వెళ్ళారు.

గళ్ళ సారు కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగారు. ఏదో గొప్ప మాట అంటారనుకున్నాను. “ఏం యాదగిరీ, పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నావా?” అన్నారు. యాదగిరి లేదన్నాడు. భుజం మీద చెయ్యేసి క్యాంటీనుకి తీసుకెళ్ళారు. అంత సైటు మధ్యలోంచి ఆ తెల్ల చొక్కా, ఆ సిమెంటు దుమ్ము చొక్కా ఒకదానికొకటి ఆనుకుని వెళ్ళడం మేమంతా తలుపు దగ్గర నిలబడి చూశాం.

కొత్త సైటుకి ప్లానింగ్ పని ఇంకొకరికి వెళ్ళింది. ఆ సంగతి తెలిసిన సోమవారం ఆయన కొత్త చొక్కాల్లో ఒకటి వేసుకుని వచ్చారు. “కుట్టించాక దాచుకోవడమెందుకు?” అన్నారు. అంతకుమించి ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు. యాదగిరి ముఠాని మాత్రం తీసుకెళ్ళారు. అంత మంచి సెంట్రింగ్ మేస్త్రిని వదులుకోవడం మేనేజరు గారికి కూడా కుదరలేదు.

మూడు వారాలు నిండాక కర్రలు విప్పారు. మారిన ముహూర్తానికి ప్రారంభోత్సవం జరిగింది. మంచి ఎండ. వేదిక మీద ఆయనకి కుర్చీ లేదు. మాతోపాటు ఇసుక గుట్ట పక్కన నిలబడ్డారు. బ్యాండు వాయిస్తున్నారు. ముక్త్యాల వైపు నుంచి ట్రాక్టర్ల మీద దిగిన ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని ఎండ తప్పించుకోవడానికి మేడ కిందికి చేరారు. బడిపిల్లల్ని వాళ్ళ మాస్టారు ఆ చివర ముక్క కిందే వరసలుగా నిలబెట్టాడు. ఒక ముసలాయన అక్కడే తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. మంత్రి గారు జెండా ఊపారు. పూలదండలు వేసిన లారీ జనం మధ్యలోంచి మెల్లగా కదిలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అందరి కళ్ళూ లారీ మీదే.

ఆయన మోచేత్తో నన్ను పొడిచారు.

“చూశావా అబ్బాయ్, ఒక్కళ్ళు కూడా తలెత్తి పైకి చూడట్లేదు” అన్నారు.

అని, సన్మానం జరుగుతున్నవాడిలా ఛాతీ విరుచుకుని నిలబడ్డారు.